తెల్ల గోలీల ఆకలి

ఉబ్బసానికి నేను మింగిన తెల్ల గోలీల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నన్ను బతికించింది ఆ గోలీలే. వాటిని తిట్టడానికి ఇది రాయడం లేదు. వాటి వల్ల నాకు పుట్టిన ఆకలి మా ఇంట్లో ఎవరి మీద పడిందో చెప్పాలని రాస్తున్నాను. ఇప్పుడు ఆయాసం అదుపులో ఉంది. షుగరు కూడా చాలావరకు దారికొచ్చింది. రాసే ఓపిక వచ్చాక కూడా వాయిదా వేస్తూనే ఉన్నాను. చివరికి నా భార్య సుగుణను అడిగాను, రాయనా అని.

"రాస్కో. చదివినోళ్లన్న తెలుసుకుంటరు" అంది. తను మాత్రం చదవనంది.

పందొమ్మిది వందల డెబ్బై ఏడు, చలికాలం

నేను బేగంబజార్‌లో మిర్చి, పసుపు, ధనియాలు టోకున అమ్మే ఒక సేఠ్ దగ్గర గుమాస్తాను. ఇల్లు మొఘల్‌పురాలో. ఒకే వాకిట్లో నాలుగు కాపురాలు, అందరికీ కలిపి ఒక నల్లా. మావి రెండు గదులు. అమ్మ, సుగుణ, రెండో తరగతి చదివే మా లలిత, నేను.

ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మిర్చి ఘాటు దాన్ని పెంచి పోషించింది. సేఠ్ రెండుసార్లు చెప్పాడు, "సత్తయ్యా, నువ్వు లెక్కల దగ్గర కూర్చో, గోదాంలోకి పోకు" అని. కానీ సరుకు చూడనిదే లెక్క ఎలా రాస్తాను? ముక్కుకు రుమాలు కట్టుకుని పోయేవాణ్ని.

ఆ చలికాలం మాత్రం పడుకోవడమే కుదరలేదు. వెల్లకిలా వాలితే ఊపిరి ఆగిపోయేది. కూర్చుని నిద్రపోవాలి, ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. గోడకు ఆనుకుంటే చల్లదనానికి దగ్గు. అప్పుడు సుగుణ నా వెనక కూర్చుని తన వీపు నాకు ఆనించేది. ఆమె వీపు మీద బరువు వేసి కునుకు తీసేవాణ్ని. ఆమె కదిలితే నాకు మెలకువ వస్తుందని తెల్లారేదాకా అట్లాగే ఉండేది. పక్క గదిలో ఉండే ముసలామెను అందరం ఖాలా, అంటే పిన్నమ్మా, అనే పిలుస్తాం. ఆమె పొద్దున్నే జోషాందా కాచి గిన్నెలో తెచ్చి ఇచ్చేది. ఆ కషాయం తాగితే కాసేపు ఛాతీ వదులయ్యేది. ఆ తర్వాత మళ్లీ మామూలే.

ఒకరోజు మాట కూడా రాక, సైగలతో బతుకుతున్న స్థితిలో సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. బల్లల మీద మనుషులు, కింద మనుషులు, అందరికీ దగ్గే. నా ముందున్న ఒక రిక్షా అతను నా వంక కాసేపు చూసి లేచాడు.

"నువ్వు ముందు పో అన్నా. నేనింక తిట్టగలుగుతున్న. నీకు తిట్టే దమ్ము సుత లేదు."

ఆయాసంలోనే నవ్వొచ్చింది నాకు. అతని పేరు అడగలేదు. ఈ కథలో నా వల్ల ఏ అన్యాయమూ జరగని ఒకే ఒక్క మనిషి బహుశా అతనే.

డాక్టరు సూదిమందు ఇచ్చాడు. రెండు రోజులు వార్డులో ఉంచాడు. పంపించేటప్పుడు చిన్న తెల్ల గోలీలు రాసిచ్చి కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "ఇది హార్మోను మందు. మన ఒంట్లో తయారయ్యేదే, కొంచెం ఎక్కువ మోతాదులో ఇస్తున్నాం. వచ్చినప్పుడల్లా చూసి కొంచెం కొంచెం తగ్గిస్తా. నీ అంతట నువ్వు ఆపొద్దు. నీ అంతట నువ్వు సాగించొద్దు. అర్థమైందా?"

అర్థమైంది. గోలీలు మొదలుపెట్టిన వారానికి నేను దిండు మీద తల పెట్టి పడుకున్నాను. ఆ సుఖం ఉబ్బసం ఉన్నవాళ్లకే తెలుస్తుంది. సుగుణ కూడా పడుకుంది. ఆ ఇంట్లో అందరం నిద్రపోయాం.

రెండుసార్లు దవాఖానాకు పోయాను, చెప్పినట్టు తగ్గించాను. తగ్గించినప్పుడల్లా ఛాతీలో సన్నగా పిల్లికూత మొదలయ్యేది. అది వింటే కూర్చుని నిద్రపోయిన రాత్రులే గుర్తొచ్చేవి. మూడోసారి పోలేదు. పాత చీటీ పట్టుకుని మందుల దుకాణానికి పోయాను, అడిగినన్ని ఇచ్చాడు. మళ్లీ మొదటి మోతాదుకే వచ్చేశాను. ఇంట్లో అడిగితే, డాక్టరే సాగించమన్నాడని చెప్పాను.

డెబ్బై ఎనిమిది, ఎండాకాలం

ఆ ఆకలిని ఎలా చెప్పాలి? పని చేసి వచ్చినవాడి ఆకలి అన్నం చూస్తే నెమ్మదిస్తుంది. ఇది అన్నం చూస్తే పెరిగేది. కడుపు బిగుసుకుని నొప్పి పెడుతున్నా నోరు ఇంకా కావాలనేది. తిని చెయ్యి కడుక్కుంటున్నప్పుడే తర్వాతి పూట ఏం వండుతారా అన్న ఆలోచన వచ్చేది. దుకాణంలో పక్కవాడు టిఫిన్ డబ్బా మూత తీస్తే నా లెక్క తప్పిపోయేది.

మా ఇంట్లో, మా చుట్టాలందరి ఇళ్లలో లాగే, మగవాళ్లు ముందు తింటారు. తిని లేచాక గిన్నెల్లో మిగిలింది ఆడవాళ్లు తింటారు. మా నాయన ఉన్నప్పుడూ అంతే. అదేదో నియమమని ఎవరూ అనుకోరు, పొద్దు తూర్పున పొడిచినంత మామూలు విషయం అది. అన్నేళ్లు దానితో ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆయాసంతో నేను నాలుగు ముద్దలు తిని లేచేవాణ్ని. వండిందంతా వాళ్లకే మిగిలేది.

ఇప్పుడు వండేది అంతే. బియ్యం కొలిచేది అమ్మ. ఆ కొలత మారలేదు. నేను మారాను.

సుగుణ పక్కన కూర్చుని వడ్డించేది. నేను చాలనేదాకా వడ్డించాలి. నేను చాలనేవాణ్ని కాదు. గంటె గిన్నె అడుగుకు గీరుకునే చప్పుడు వినబడేది. ఆ చప్పుడు విన్నాను, వినలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను. ఇంకో పిడికెడు పళ్లెంలో పడ్డాక విషయం మర్చిపోయేవాణ్ని. అమ్మకూ లలితకూ కొంచెం ముందే తీసిపెట్టేది సుగుణ. తనకు తీసుకోవడం మాత్రం ఆమెకు తెలియదు, ఎవరూ నేర్పలేదు.

ఎప్పుడైనా ఆమె చెయ్యి తటపటాయిస్తే అమ్మ అనేది, "తిననియ్యే పోరీ. చావుదాకా పోయొచ్చినోడు. వాడు తింటుంటే నా కండ్లు సల్లగైతున్నయ్."

ఒంటి మీద కండ కనబడటం మొదలైంది. ముందు బుగ్గలు, తర్వాత మెడ, తర్వాత పొట్ట. పుట్టి బుద్ధెరిగాక నన్ను చూసి ఎవరూ మెచ్చుకున్నది లేదు. పీలగా, గూనిగా, దగ్గుతూ ఉండేవాణ్ని. ఇప్పుడు దుకాణం మెట్ల మీద బస్తా దించుతూ హమాలీ యాదగిరి అరిచేవాడు.

"సేఠ్ ఎవరో సత్తన్న ఎవరో ఎరుకైతలేదు రా భాయ్! ఇగ గల్లా నువ్వే తీసుకోరాదే అన్నా!"

ఖాలా వాకిట్లో ఎదురుపడి నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "మాషా అల్లా! బహూ నే క్యా ఖిలాయా రే? చాంద్ జైసా మూ హోగయా!" మొహం చందమామలా అయింది, కోడలు ఏం పెట్టి సాకిందో అని సుగుణ వైపు తిరిగి మెచ్చుకుంది. నల్లా దగ్గర ఆడవాళ్లు కూడా అదే మాట, మొగుణ్ని ఎంత మంచిగా సాకుతున్నావని. సుగుణ తల వంచుకుని నవ్వేది. అప్పటికి ఆమెకు మూడో నెల. నీళ్ల బిందె ఎత్తుతుంటే గాజులు జరజరా మోచేతి దాకా జారేవి. కడుపుతో ఉన్న మనిషి చెయ్యి సన్నబడుతుంటే, పక్కనే నేను కొత్త చొక్కా వదులుగా కుట్టించుకుని తిరుగుతున్నాను.

లలిత ఒకరోజు పాఠం చెప్పినట్టు చెప్పింది. "బాపూ, నువ్వు తిన్న గిన్నె కడగకున్నా మంచిదంట. అమ్మ అన్నది."

అందరం నవ్వాం. సుగుణ కూడా నవ్వింది. అది ఆ ఇంట్లో నాకు అందిన మొదటి ఫిర్యాదు. నేను దాన్ని హాస్యంగా తీసుకున్నాను.

అదే ఏడు, బోనాల నెల

బోనాల రోజుల్లో ఒక పూట బజారు త్వరగా మూశారు. మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. అమ్మ లలితను తీసుకుని గుడికి పోయింది. సుగుణ నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది. నాకు ఆకలి. పొద్దున తిన్న అన్నం ఏమైందో కూడా గుర్తులేదు.

గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. వెతికాను. ఇంటి యజమానిని, నా ఇంట్లో నేను, పొయ్యి వెనక, ఉట్టి మీద, డబ్బాల వెనక వెతికాను. బియ్యం డ్రమ్ము వెనక ఒక చిన్న గిన్నె, దాని మీద పళ్లెం బోర్లించి ఉంది. మూత తీస్తే అన్నం, దాని మీద పప్పు, పక్కన మామిడికాయ తొక్కు ఒక వేలంత. నిలబడే తినేశాను.

సుగుణ తడి చేతులతో లోపలికొచ్చి, నా చేతిలో ఖాళీ గిన్నె చూసి ఆగిపోయింది. ఆ క్షణంలో నేను 'అయ్యో, నీదా' అని ఉంటే సరిపోయేది. దొరికిపోయినవాడి కోపం వచ్చింది నాకు.

"ఇంట్ల దాచుకొని తినుడు ఎప్పటిసంది నేర్చినవ్?"

"రెండు ముద్దలు పక్కకు పెట్టుకున్న. పొద్దటిసంది కండ్లు తిరుగుతున్నయ్."

"అడిగితే పెట్టమా? అత్తకు తెల్వకుండ, బిడ్డకు తెల్వకుండ మూల దాస్తవా? మీ అవ్వగారింట్ల గిట్లనే నేర్పిన్రా?"

"నెమ్మదిగ అను. అందరు వింటున్నరు."

"విననియ్యి! దొంగబువ్వ తినేటోళ్లకు సిగ్గుండాలె!"

తిన్నది నేను. దొంగ అన్నది ఆమెను. ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే నిలబడింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను తగ్గేవాణ్నేమో, తెలియదు.

ఖాలా గుమ్మం దగ్గరికి వచ్చింది. "క్యా హువా రే సత్తయ్యా? కాయ్కు చిల్లారా?" అంది, ఎందుకు అరుస్తున్నావని.

"కుచ్ నై ఖాలా" అన్నాను, ఏమీ లేదని.

ఆమె గిన్నె వైపు చూసింది, నా మూతి వైపు చూసింది, సుగుణ వైపు చూసింది. వెళ్లిపోయింది. మర్నాటి నుంచి కుట్టుపని ఉందంటూ సుగుణను రోజూ మధ్యాహ్నం పిలిచేది. అక్కడ కుట్టడం ఏమీ లేదు. రొట్టె, కూర పెట్టి తలుపు దగ్గరికి వేసేది. కోడలు పక్కింట్లో తింటుందని తెలిస్తే ఇంటి పరువు పోతుందని సుగుణ ఆమె చేత ఒట్టు వేయించుకుందట. ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది. కానీ ఖాలాకు రంజాన్ వచ్చింది, ఆ తర్వాత ఆమె కూతురి కాన్పుకు నిజామాబాద్ పోయి నెల దాటి ఉండిపోయింది. ఆ మధ్యాహ్నాలు ఆగిపోయాయి. మా ఇంట్లో మళ్లీ ఏ మూలా గిన్నె కనబడలేదు.

ఈ గోలీలు కోపాన్ని కూడా పెంచుతాయని తర్వాత డాక్టరు చెప్పాడు. పెంచి ఉండొచ్చు. మీ అవ్వగారింట్ల అన్న మాట మాత్రం గోలీలో లేదు.

ఆ వానాకాలంలోనే దాహం మొదలైంది. చెంబు తర్వాత చెంబు తాగేవాణ్ని, తాగినదంతా గంటలో బయటికి పోయేది. బుగ్గలు ఉబ్బుతున్నాయి గానీ కాళ్లూ చేతులూ పుల్లల్లా అవుతున్నాయి. పీట మీద నుంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు మోపాల్సి వచ్చేది. పొట్ట మీద ఊదారంగు చారలు. ఎక్కడ కొంచెం తగిలినా నల్లగా కమిలేది. ఇన్ని కనబడుతున్నా డాక్టరు దగ్గరికి పోలేదు. పోతే గోలీలు తగ్గిస్తాడు. తగ్గిస్తే ఊపిరి పోతుంది. నా భయమంతా అదే. నాకు నా ఊపిరి తప్ప ఇంకేదీ కనబడలేదు.

దసరా ముందు

సుగుణ నల్లా దగ్గర పడిపోయింది. అప్పుడే ఊరి నుంచి తిరిగొచ్చిన ఖాలా, అమ్మ కలిసి ఆటోలో కాన్పుల దవాఖానాకు తీసుకుపోయి నాకు కబురు చేశారు. నేను పోయేసరికి లోపలికి మగవాళ్లను రానివ్వడం లేదు. మెట్ల మీద మగవాళ్లంతా చేతుల్లో ఫ్లాస్కులు, పాతచీరలు పట్టుకుని కూర్చున్నారు. ఎవరి పేరు పిలిచినా అందరం లేచి నిలబడేవాళ్లం.

ఒక డాక్టరమ్మ బయటికొచ్చింది. "సుగుణ భర్త ఎవరు?"

లేచాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆమెకు ఒంట్లో రక్తమే లేదు. ఇంట్లో తిండికి ఇబ్బందా?"

"లేదమ్మా. మంచిగనే తింటం."

"మీరు తింటున్నారు, కనబడుతోంది. ఆమె సంగతి అడుగుతున్నా." నా మొహం వైపే చూస్తూ గొంతు మార్చింది. "మీరేం మందులు వాడుతున్నారు?"

"దమ్ముకు గోలీలమ్మా. తెల్లయి."

"ఎన్నాళ్లుగా? ఏ డాక్టరు చూస్తున్నాడు?"

నేను నేల చూశాను.

"మీరు ఒళ్లు చేశారని అందరూ అంటున్నారేమో. ఇది ఒళ్లు కాదు, మందు. పొద్దున్నే వెళ్లి మూత్రం పరీక్ష చేయించుకోండి. ఆ గోలీలు మాత్రం ఈ రోజే ఆపేయొద్దు, ప్రాణం మీదికొస్తుంది." తిరిగి లోపలికి పోబోతూ అంది, "ఆమె గురించి ఇప్పుడేమీ చెప్పలేను. బిడ్డ గురించీ చెప్పలేను."

సుగుణ లోపల ఏం చెప్పిందో ఖాలా తర్వాత నాకు చెప్పింది. ఏం తింటున్నావమ్మా అని డాక్టరమ్మ అడిగితే, "ఆయన తిన్నంక మిగిలింది" అందట.

మర్నాడు పెద్ద దవాఖానాలో షుగరు పరీక్ష. నీలిరంగు మందులో చుక్కలు వేసి, పరీక్షనాళికను దీపం మీద పట్టుకుని వేడిచేస్తాడు అక్కడి మనిషి. నాకు ముందున్న ముసలాయనది నీలంగానే ఉండిపోయింది, ఆయన దేవుడికి దండం పెట్టుకున్నాడు. నాది ఆకుపచ్చ తిరిగింది, పసుపు తిరిగింది, కాసేపట్లో ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా దిగింది. ఆ మనిషి నాళికను స్టాండులో పెట్టి, తను కూర్చున్న స్టూలు నా వైపు జరిపాడు.

"కూసో అన్నా. ఎంబడి ఎవరన్న వచ్చిన్రా?"

ఎవరూ రాలేదు. వార్డులో చేరమన్నారు. భార్య కాన్పుల దవాఖానాలో ఉంది, రేపు వస్తానన్నాను.

ఆ రోజే సుగుణకు నెలలు నిండకుండా కాన్పయింది. ఆడపిల్ల. నేను పోయేసరికి నర్సు ఒకసారి గుడ్డ తొలగించి చూపించింది. మొహం నా పిడికిలంత లేదు. కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకోవడానికి పక్కటెముకలన్నీ ఎగరేస్తోంది. ఆ ఊపిరి నాకు తెలుసు. నా పుట్టుక నుంచీ నాకు తెలిసిన కష్టం అది. ఈ పిల్లకు దాన్ని నేనే ఇచ్చాననిపించింది.

మళ్లీ మెట్ల మీద కూర్చున్నాను. లోపల సుగుణకు రక్తం ఎక్కిస్తున్నారు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆ స్థితిలో కూడా నాకు ఆకలేసింది. ఎంతసేపు ఓర్చుకున్నానో తెలియదు, గేటు అవతల బండి మీద పూరీలు వేయిస్తున్న వాసన వస్తోంది. లేచిపోయాను. ఒక పళ్లెం తిన్నాను. ఇంకో పళ్లెం అడిగాను. బండివాడు, "ఆరాం సే తిను అన్నా, యాడికి పోవు" అన్నాడు.

తిరిగొచ్చేసరికి ఖాలా మెట్ల మీద నిలబడి ఉంది. అమ్మ లేదు. ఖాలా నా కుడి చేతి వైపు చూసింది. వేళ్లకు ఆలుగడ్డ కూర అంటి ఉంది.

"హాథ్ ధోకే ఆ బేటా" అంది.

పిల్లను ఎత్తుకోమంటుందని అనుకున్నాను. పంపు దగ్గరికి పోయి చెయ్యి కడుక్కుని, చొక్కాకు తుడుచుకుని వచ్చాను. ఎత్తుకోమనే ఇచ్చారు. అప్పటికే పిల్ల కదలడం లేదు.

ఆ తర్వాతి ఏడు

నేను పెద్ద దవాఖానాలో చేరాను. చూసిన డాక్టరు నన్ను పెద్దగా తిట్టలేదు. గోలీలు కొంచెం కొంచెంగా, నెలల తరబడి తగ్గించుకుంటూ వచ్చాడు. తగ్గించిన ప్రతిసారీ భయం. ఒకసారి ఛాతీ బిగిసి మళ్లీ పెంచాల్సి వచ్చింది. షుగరుకు వేరే మందు, వేరే తిండి. మీలో ఎవరైనా ఈ దారిలో ఉంటే ధైర్యం చెప్పగలిగేది ఒకటుంది: ఆ ఆకలి పోతుంది. ఒకరోజు అన్నం తింటూ సగంలో చాలనిపించింది. కడుపు నిండిందన్న సంగతి కడుపే చెప్పడం నాకు మళ్లీ అప్పుడే అనుభవంలోకొచ్చింది. మొహం నెమ్మదిగా నాదైంది. యాదగిరి, "ఏందన్నా, సేఠ్‌గిరీ అప్పుడే పాయె?" అన్నాడు. విషయం తెలిశాక నా వైపు చూడటానికి రెండు రోజులు ఇబ్బంది పడ్డాడు.

డాక్టరును ఒక్కసారి అడిగాను. మా పిల్ల నా వల్లే పోయిందా అని.

"నెలలు తక్కువ పిల్లలు ఎన్నో కారణాల వల్ల పోతారు. ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు" అన్నాడు. ఆ వెంటనే, "ఆమెకు రక్తం లేకపోవడం మాత్రం మంచి చేయలేదు" అన్నాడు.

సుగుణ నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఆమె ముందు కూర్చుని అంతా ఒప్పుకోబోయాను. దుకాణంలో గోలీలు నా అంతట కొన్నానని, డాక్టరు చెప్పాడన్నది అబద్ధమని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"గోలీ చేసింది. నువ్వేం చేస్తవ్" అంది, తలెత్తకుండా.

చాలా నెలలు ఆ మాట వెనక దాక్కున్నాను. అది ఆమె నా మీద జాలితో అన్నదో, ఇక ఆ సంగతి ఎత్తొద్దని అన్నదో నాకు తెలియదు. ఆకలి గోలీదే, ఒప్పుకుంటాను. ముందు కూర్చోవడం నాది. గంటె గీరుకుంటే చెయ్యి చాచడం నాది. గోలీ లేకపోయినా నేను అట్లాంటి మనిషినే, అప్పటిదాకా ఆకలి లేక బయటపడలేదు. ఈ మాట రాయడానికే నాకు ఇంతకాలం పట్టింది.

అమ్మ కూడా మారింది. పిల్ల పోయిన నెలలో ఒకనాడు మొదటి పళ్లెం తనే కలిపి తెచ్చి కోడలి ముందు పెట్టింది. సుగుణ ఆ పళ్లెం లలిత వైపు జరిపింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయింది.

ఇప్పుడు

దవాఖానా నుంచి వచ్చాక నేను ఇంట్లో చెప్పాను, ఇక నుంచి ఆడవాళ్లు ముందు తినాలి, నేను చివర తింటానని. ఏదో గొప్ప పని చేస్తున్నవాడిలా చెప్పాను. మొదటి రోజు సుగుణ పళ్లెం ముందు కూర్చుంది. ఆమె తింటుందో లేదో చూద్దామని ఎదురుగా నేను కూర్చున్నాను. ఆమె అన్నం కలిపింది, కలుపుతూనే ఉంది.

"ఏమైంది? తిను."

"నువ్వు చూస్తుంటే ముద్ద దిగుతలేదు."

"నేనేం అంటలేను గదా."

"అననక్కర లేదు. గిన్నె దిక్కు చూస్తున్నవ్."

చూశానా? చూడలేదనే అనుకున్నాను. కానీ ఆమె నా చూపును నాకంటే ఎక్కువ కాలం కనిపెట్టుకుని బతికింది.

"లే. బయటికి పో జరసేపు" అంది.

లేచి బయటికి పోయాను. వెనక తలుపు గడియ పడింది. నా ఇంటి తలుపు నా మీద గడియ వేసుకోవడం నా జన్మలో అదే మొదలు. కోపం రాలేదు. వాకిట్లో గట్టు మీద కూర్చున్నాను.

అప్పటి నుంచీ రోజూ అంతే. వాకిట్లో వాళ్లకు మొదట్లో వింతగా ఉండేది. ఇంట్లోంచి వెళ్లగొట్టారా అని నవ్వేవారు. ఖాలా మాత్రం ఒక్కసారే అడిగింది, "క్యా రే, బాహర్ బైఠా?" అని, బయట కూర్చున్నావేమని. లోపల తింటున్నారు ఖాలా అన్నాను. "అచ్ఛా. బైఠ్" అని తన పనిలో తను పడింది.

ఇన్నేళ్లయినా ఆ గడియ అట్లాగే పడుతుంది. ఏదో ఒకనాడు సుగుణ నా ముందు కూర్చుని తింటుందని ఆశపడేవాణ్ని. ఇప్పుడు ఆ ఆశ పెట్టుకోవడం లేదు, అది కూడా నా కోసం నేను అడగడమే. తినడం అయ్యాక లలిత వచ్చి పిలుస్తుంది. ఇప్పుడది పెద్దదైంది, అన్నీ అర్థం చేసుకునే వయసు. నన్ను చూసే చూపులో కొన్నిసార్లు జాలి ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు.

మొన్న గడియ తీసిన చప్పుడు విని లేచాను. లలిత తల మాత్రం బయటికి పెట్టింది.

"ఇంక కాలే బాపూ. అమ్మ ఇంకింత పెట్టుకున్నది. జరసేపు కూసోమన్నది."

తలుపు మళ్లీ మూసింది. కూర్చున్నాను.